పరాకు పిల్ల కుర్చీ కింద

సాయంత్రం ఆఖరి క్లాసు వదిలాక, యూనివర్సిటీలో రెండో అంతస్తు ఏడో నంబరు గది ఊడవడం అమ్మ పని. చీపురు పట్టే ముందు ఆవిడ బకెట్లో గుడ్డ ముంచి, గట్టిగా పిండి, కిటికీ పక్క మూడో బెంచీ దగ్గర చతికిలబడేది. పాఠం జరుగుతుండగా వినవలసినవాళ్ళు వినకుండా వదిలేసిన మాటలు వాళ్ళ కాళ్ళ దగ్గరే సన్నటి పొట్టులా రాలి ఉంటాయి. ఏ బెంచీ కింద చూసినా చిటికెడో గుప్పెడో ఉండేదే. పాఠంలో కునుకు తియ్యని విద్యార్థి ఏ దేశంలో ఉన్నాడు? కానీ ఆ మూడో బెంచీ కింద మాత్రం రోజూ చేటెడు ఉండేది. అక్కడ కూర్చునేది ఆవిడ కూతురే.

మిగతా పొట్టంతా చెత్తబుట్టలోకి పోయేది. ఎండిన పొట్టును కదిపితే అందులోని మాటలు ఒక్కసారి పైకి వినబడి, ఆ తర్వాత ఇక ఉండవు. తడిగుడ్డలో చుడితే మాత్రం నోరు విప్పవు. అందుకని కూతురి వాటాని అమ్మ తడిమూట కట్టి, ఖాళీ టిఫిన్ డబ్బా పక్కన పెట్టుకుని ఇంటికి మోసుకొచ్చేది.

కూతుర్ని అందరూ పరాకు అనేవారు. పొయ్యి మీద పాలు పెట్టి, పాలు కొనడానికి కొట్టుకి వెళ్ళిన ఘనత ఆ పిల్లది. తెలివితక్కువదేం కాదు. మందుల తయారీ చదువులో సీటు ఊరికే రాలేదు. కానీ మేష్టారు మూత్రపిండాల దగ్గర మొదలుపెట్టగానే కిటికీ అవతల ఎవరో నీళ్ళ ట్యాంకుకి రంగు వేస్తూ కనబడేవాడు. ఆ నిచ్చెన అంత సన్నగా ఉందేమిటి, అతను ఎడమచేత్తో వేస్తున్నాడేమిటి అనుకుని తిరిగొచ్చేసరికి మేష్టారు కాలేయం కూడా పూర్తిచేసి పుస్తకం మూస్తుండేవారు. వినాలని కూర్చుని వినలేకపోవడం ఎంత సిగ్గుగా ఉంటుందో ఆ పిల్లకే తెలుసు. చాలాసార్లు బాత్రూంలోకి వెళ్ళి ఏడ్చి వచ్చేది.

ఇది బద్ధకం కాదనీ, ధ్యాస నిలవని లోపమనీ, పుట్టుకతో వచ్చిందనీ ఆ మధ్య ఒక డాక్టరమ్మ తేల్చి చెప్పింది. మాత్రలు రాసింది. మాత్రలు బాగానే పనిచేసేవి, వేసుకోవాలని గుర్తున్న రోజుల్లో. పరీక్షలో అదనంగా గంట ఇవ్వమని ఒక ఫారం కూడా రాసిచ్చింది. ఆ ఫారం ఫ్రిజ్ మీద నెల రోజులు కూర్చుంది. గడువు దాటాక తీసుకెళితే ఆఫీసు గుమస్తా కళ్ళజోడు పైకెత్తి, మరిచిపోయేవాళ్ళకిచ్చే ఫారాన్ని కూడా మరిచిపోతే తనేం చెయ్యగలనన్నాడు. పాపం, వెటకారానికి కాదు, నిజంగానే అడిగాడు.

ఇలాంటి పిల్ల మూడో ఏడుదాకా నెట్టుకొచ్చిందంటే అది వంటింట్లో జరిగిన చదువు. చేతికి పని ఉంటే ఆ పిల్ల చెవులు పనిచేస్తాయని అమ్మ చిన్నప్పుడే కనిపెట్టింది. అందుకని రోజూ బఠాణీకాయలో, ఉతికిన బట్టల కుప్పో ముందు పోసేది. కూతురు కాయలు వలుస్తుంటే, మూట విప్పి పొట్టు ఆరబెట్టి, కొంచెం కొంచెంగా బల్ల మీద దులిపేది. మేష్టారి గొంతు దగ్గుతో సహా వినబడేది. పరాకు వింటూ, వలుస్తూ, మధ్యలో చెయ్యి తుడుచుకుని రాసుకునేది. పాఠానికీ పాఠానికీ మధ్య అమ్మ తన కబుర్లు చెప్పేది. అప్పటికి కాయలు అయిపోయి, పరాకు చేతులు ఖాళీగా ఉండేవి.

అయినా మూడో ఏడు పెద్ద పేపరు రెండుసార్లు తప్పింది. మూడోసారి తప్పినా, అసలు రాయకపోయినా పేరు కొట్టేస్తారు. ఇక ఏ యూనివర్సిటీలోనూ ఆ చదువుకి చేర్చుకోరు. ఆ సంగతి తల్లీకూతుళ్ళిద్దరికీ నిద్రలో కూడా గుర్తుండేది.

పరీక్ష పన్నెండో తేదీ పొద్దున పదింటికి. ఆ రోజు అమ్మ ఆరింటికే, డ్యూటీ ఉందని చెప్పి, రోజూ పట్టుకెళ్ళే సంచీ కాక ఇంకో సంచీ కూడా తీసుకుని వెళ్ళిపోయింది. ఎనిమిదింటికి పరాకు తయారై చూస్తే హాల్ టికెట్ లేదు. పుస్తకాల్లో లేదు, దిండు కింద లేదు, ఫ్రిజ్ మీద లేదు. చివరికి వంటింటి బల్ల పక్కకి జరిపింది.

ఇల్లు ఊడవడం ఆ ఇంట్లో కూతురి వంతు. ఎప్పుడు మొదలుపెట్టినా సగంలో ఇంకేదో గుర్తొచ్చి చీపురు వదిలేసేది. బల్ల అవతల, తను కూర్చునే కుర్చీ కిందికి చీపురు వెళ్ళి ఎన్నాళ్ళయిందో చెప్పలేం. అక్కడ హాల్ టికెట్ ఉంది. దాని పక్కనే గుప్పెడు పొట్టు ఉంది. మేష్టారి పాఠమేదో మిగిలిపోయిందనుకుని చేత్తో కదిపింది.

అమ్మ గొంతు వినబడింది.

"ఇదిగో అమ్మడూ, ఇక్కడ గడ్డలా తగులుతోందే. ఆస్పత్రిలో చూపించుకోవాలి. ఓసారి నాతో వస్తావా?"

పరాకు చెయ్యి ఆగిపోయింది. ఆ తర్వాత తను ఏమని ఉంటుందో తెలుసు. "ఊఁ" అని ఉంటుంది. మళ్ళీ కదిపింది.

"కోసి తీసెయ్యాలన్నారు. సొంతమనిషి వచ్చి సంతకం పెట్టందే చెయ్యరట. నాకు నువ్వు కాక ఎవరున్నారు చెప్పు."

దీనికీ ఊఁ అనే ఉంటుంది. మిగిలిన చిటికెడు తియ్యడానికి భయమేసింది. తీసింది.

"ఎవరూ రాలేదని రెండుసార్లు తిప్పి పంపారే. మళ్ళీ పన్నెండో తేదీన రమ్మన్నారు. ఆ రోజే కదూ నీ పరీక్ష? పోనీలే, నువ్వు పరీక్ష రాసుకో. నేనే ఎలాగోలా బతిమాలుకుంటాను."

మాటలు అయిపోయాయి. నేల శుభ్రంగా ఉంది. ఊరందరి కాళ్ళ కింద పొట్టు ఎత్తే మనిషికి తన మాటలు కళ్ళెదుట రాలడం కనబడకుండా ఉంటుందా? కనబడే ఉంటుంది. అవి పరీక్షకి పనికొచ్చేవి కావని వదిలేసి ఉంటుంది. పరాకు నేల మీద కూర్చుని గట్టిగా ఏడ్చింది. తర్వాత లేచి, హాల్ టికెట్ బల్ల మీద పెట్టి, ఆస్పత్రి బస్సు ఎక్కింది.

మూడో అంతస్తు వరండాలో అమ్మ ఒళ్ళో ఫైలు పెట్టుకుని కూర్చుంది. ఎదురుగా నర్సు, సొంతమనిషి లేకుండా కుదరదని మూడోసారి చెబుతోంది. కూతుర్ని చూడగానే అమ్మ మొహం తెల్లబోయింది.

"ఇక్కడికెందుకొచ్చావే? టైమెంతయింది? ఇప్పుడు బయల్దేరినా అందుకుంటావు, పో."

"పదయింది అమ్మా."

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తన గడ్డ గురించి ఆవిడ ఎన్నడూ కంటతడి పెట్టలేదు. ఆ పరీక్ష కోసం మాత్రం వరండాలో అందరూ చూస్తుండగా వెక్కి వెక్కి ఏడ్చింది.

సర్జన్ వచ్చి ఫైలు తిరగేశాడు. మూడు నెలల కిందట వచ్చి ఉంటే చిన్న పనితో పోయేదనీ, ఇప్పుడు ఎంతవరకు పాకిందో తెరిచి చూస్తే గాని చెప్పలేననీ, ఇంకో వారం ఆగి ఉంటే తెరిచే పని కూడా ఉండేది కాదనీ అన్నాడు. ఇన్నాళ్ళూ ఇంట్లో చెప్పలేదా అని అమ్మని కోప్పడ్డాడు.

"లేదు బాబూ. నేనే చెప్పలేదు" అంది అమ్మ.

"చెప్పింది" అంది పరాకు. "మూడుసార్లు చెప్పింది."

సర్జన్ ఇద్దరి వంకా చూసి కాగితాలు అందించాడు. నాలుగు పేజీలు. పరాకు ఒక్కో వరసా వేలు పెట్టి చదివింది. ధ్యాస తప్పినచోట వెనక్కి వెళ్ళి మళ్ళీ చదివింది. సంతకం పెట్టేసరికి చాలాసేపు పట్టింది. నర్సు గడియారం చూసుకుంది.

అమ్మని బండి మీద పడుకోబెట్టి తోస్తుంటే పరాకు పక్కనే నడిచింది. బండికి ఒక చక్రం కీచుమంటోంది. ధ్యాస ఆ చక్రం మీదికి పోబోయింది. అమ్మ వేళ్ళు తన చేతిలోకి తీసుకుని, ఒక్కొక్కటే నొక్కుతూ ధ్యాసని వెనక్కి లాక్కొచ్చుకుంది. తాళంచెవి పక్కింట్లో ఉందని అమ్మ చెప్పింది. మాత్రలు పొద్దున్నే వేసుకోమంది. గుమస్తాని కలిసి, అమ్మ ఆపరేషనని చెబితే ఇంకో అవకాశం ఇస్తారేమో కనుక్కోమంది. ఇవ్వరని ఇద్దరికీ తెలుసు. ప్రతిదానికీ పరాకు అమ్మ మొహం చూస్తూ తలూపింది.

తలుపుల దగ్గర నర్సు ఇక ఆగమంది. అమ్మ తల కొంచెం పైకెత్తింది. గొంతు మరీ చిన్నదైపోయింది.

"నాకు భయంగా ఉందే అమ్మడూ."

"విన్నానమ్మా" అంది పరాకు.