నలుగురూ లేనప్పుడు

భీమవరం చుట్టుపక్కల రాజుల ఇళ్లలో పాకే పిల్లాణ్ణి కూడా ‘రండి, పాలు తాగండి’ అనే పిలుస్తారు. తన్నాలన్నా ‘ఇలా రండి, మీకు రెండు తగిలించాలి’ అని మర్యాదగానే చెబుతారు. అలాంటి ఇంట్లో పుట్టి, అలాంటి ఇంటికే కోడలిగా వచ్చిన గీతికకు మొగుణ్ణి ‘మీరు’ అనడం ఏమంత కష్టం కాదు. అయితే ఇంజనీరింగ్ కాలేజీలో ప్రేమించుకున్నన్నాళ్లూ చైతన్యా తనూ ‘నువ్వు’ అనే పిలుచుకున్నారు. పెళ్లితో ఆ మాట కాస్తా పోతుందని ఆమెకు బెంగ పట్టుకుంది.

అందుకే పెళ్లికి ముందే ఒప్పందం చేసుకున్నారు. నలుగురిలో ‘మీరు’, నలుగురూ లేనప్పుడు ‘నువ్వు’. ఎవరూ లేనిచోట కూడా ‘మీరు’ వచ్చిందంటే ప్రేమ అయిపోయినట్టే లెక్క అంది గీతిక. ఎప్పటికీ రానివ్వనని చైతన్య చేతిలో చెయ్యేశాడు. ఆ వయసులో ‘ఎప్పటికీ’ అనే మాట నాలిక చివరే ఉంటుంది మరి.

పెళ్లయి ఏడేళ్లయింది. ఆ ఆదివారం పొద్దున్న గీతిక టిఫిన్ క్యారియర్ తీసుకుని, చైతన్య సాగుచేస్తున్న రొయ్యల చెరువు దగ్గరికి వెళ్లింది. బ్యాంకులో ఆమెకు ప్రమోషన్ వచ్చింది, కాకినాడ బదిలీ మీద. ఒప్పుకుంటుందో లేదో రేపటికల్లా చెప్పాలి. మొగుణ్ణి వదిలి అంత దూరం ఎందుకులే, వద్దనేద్దాం అనే ఉంది ఆమెకు. అయినా ఒకమాట అతనితో అనాలనుకుంది.

గట్టు మీద ఇద్దరే ఉన్నారు. మేత తిన్నాయో లేదో చూడటానికి చైతన్య చెక్ ట్రే పైకి లాగి, అందులో ఎగిరే రొయ్యల్ని చూస్తూ అన్నాడు.

“ఎండెక్కుతోంది. మీరు వెళ్లండి, నేను తర్వాత తింటాను.”

గీతిక చుట్టూ చూసింది. కాపలా మనిషి కూడా లేడు. ఉన్నదల్లా ఒక కొంగ. కొంగ ముందు మర్యాదలేంటి? ఆమె బదిలీ మాట ఎత్తకుండానే వెనక్కి వచ్చేసింది. దారి పొడుగునా కోపం వచ్చింది, ఇల్లు చేరాక ఏడుపొచ్చింది. ఇక కాకినాడ వెళ్లిపోవడమే నయం అనుకుంది.

వెనక వరండాలో చైతన్య నాయనమ్మ సూర్యకాంతమ్మ గారు ఆవకాయకు మామిడి ముక్కలు తుడుస్తున్నారు. మొహం చూసి ఏమైందని అడిగారు. గీతిక పక్కన కూర్చుని ఒప్పందం దగ్గర్నుంచి కొంగ దాకా అంతా చెప్పేసింది. ఈ మాత్రానికేనా అని ఆవిడ నవ్వుతారనుకుంది. ఆవిడ నవ్వలేదు.

“ప్రేమ ఎల్లకాలం ఉంటుందంటారా మామ్మగారూ?”

“ఏమోనండి. ఆ మాట మా రోజుల్లో ఎవరూ అడగలేదు,” అన్నారావిడ. కాసేపు ముక్కలు తుడిచి మళ్లీ అందుకున్నారు. “మీ మావగారు పుట్టినప్పుడు నేను చచ్చి బతికానండి. కళ్లు తెరిచేసరికి తాతగారు పక్కనే ఉన్నారు. ‘నువ్వుంటే చాలు’ అన్నారు. ఆ ఒక్కసారే. మళ్లీ అనలేదు.”

ఆ ఒక్కసారి సరిపోయిందా అని అడిగింది గీతిక.

“సరిపోలేదు. మళ్లీ అంటారేమోనని చూస్తూనే ఉన్నాను. అడగాల్సింది, సిగ్గేసి ఊరుకున్నాను. మీకా సిగ్గు లేదుగా, వెళ్లి అడగండి.”

సిగ్గు లేదంటే ఏ కోడలూ సంతోషించదు. గీతిక మాత్రం కళ్లు తుడుచుకుని స్కూటీ తాళం తీసుకుంది.

చైతన్య చెట్టు నీడన కూర్చుని ఉన్నాడు. క్యారియర్ మూత తియ్యనేలేదు. ఇక్కడ ఎవరున్నారని నన్ను ‘మీరు’ అన్నావని ఆమె నిలబడే అడిగింది. అతను ఆమెను వింతగా చూశాడు.

“ముందు నువ్వే అన్నావు కదా.”

పోయినేడు వైట్‌స్పాట్ రోగం వచ్చి చెరువు మొత్తం తుడిచిపెట్టుకుపోయింది. అతను గదిలోంచి బయటికి రాకుండా పడుకుంటే, ఆమె కంచం తెచ్చి ‘లేవండి, రెండు ముద్దలు తినండి’ అంది. మర్నాడూ అంతే. ఆ తర్వాత అదే అలవాటైంది. గదిలో ఉన్నది వాళ్లిద్దరే.

“ఓడిపోయినవాణ్ణి ఇంకెందుకు నువ్వంటుందిలే అనుకున్నాను,” అన్నాడు చైతన్య. “అడిగితే అవునంటావేమోనని భయమేసింది. పోనుపోను ఇవాళ నాకూ అదే వచ్చేసింది.”

గీతికకు ఇప్పుడు గుర్తొచ్చింది. పుట్టింట్లో జ్వరం తగిలిన పిల్లలకు మందు తాగించేటప్పటి గొంతు అది. ప్రాణం విలవిల్లాడి గొంతు తగ్గించింది, గొంతుతోపాటు మాటా మారింది. తన నోటినుంచి ఏ మాట పోయిందో తనకే తెలియలేదు. ప్రేమ చేసిన పనినే అతను ప్రేమ పోవడం అనుకున్నాడు. ఏడాదంతా అలా అనుకుంటూనే ఆమె పక్కన పడుకుని లేచాడు. ఆమెకు సిగ్గూ జాలీ ఒక్కసారే ముంచుకొచ్చాయి.

“నువ్వు తిను,” అంది. వాడుక తప్పిన మాట, నోట్లో కొంచెం గరుగ్గా తగిలింది. అందుకని మళ్లీ అంది.

చల్లారిపోయిన పెసరట్టు తింటూ అతను బదిలీ సంగతి విన్నాడు. వెళ్లమన్నాడు. శనివారం శనివారం తనే వస్తానన్నాడు. మిగతా రోజుల మాటేంటని ఆమె అడిగితే, “ఫోన్లో నలుగురుండరుగా,” అన్నాడు.

మధ్యాహ్నం అందరూ భోజనాలకు కూర్చున్నారు. గీతిక కూర వడ్డిస్తుంటే, పొద్దుటి ఊపులో చైతన్య నోరు జారాడు. “నువ్వూ కూర్చో,” అన్నాడు.

తాతగారు సూర్యనారాయణరాజు గారు తలెత్తి చూశారు. ఆ ఇంట్లో అంచుకు పెట్టే ఊరగాయకు కూడా అంత అమర్యాద జరిగి ఎరగదు. గీతిక గరిటెతో అలాగే నిలబడిపోయింది. మామ్మగారు, అప్పటికే మజ్జిగన్నం దాకా వచ్చిన ఆయన కంచంలో మజ్జిగ వంచుతూ, నెమ్మదిగా నోరు విప్పారు.

“మీరూ నన్నొకసారి అలా అన్నారు. గుర్తుందాండి?”

ఆయన కలిపిన అన్నమే మళ్లీ కలిపారు.

“ఒకసారేంటండి,” అన్నారు తల వంచుకునే. “మీరు నిద్రపోయాక రోజూ అంటూనే ఉంటాను కదా.”

మామ్మగారు మజ్జిగ పోస్తూనే ఉన్నారు. కంచం నిండి కిందికి పారింది. చాలని ఎవరూ అనలేదు.