నాలుగో సూది

“గుడ్ల పక్కన ఇదేంది? ఈడ ఏల పెట్టినావు?” ఫ్రిజ్ తలుపు పట్టుకుని అడిగాను.

“గుడ్లకు జ్వరమొస్తే పనికొస్తాది,” అన్నాడు మా ఆయన రమణ.

“నవ్వులాటా? తినేవాటి నడిమి ఆవు మందు పెడతారా ఎవురన్నా?”

“సగముండాది. మళ్లా పొదుగు వాస్తే కావల్ల కదా.”

సగం ఎందుకు మిగిలిందో నాకు తెలుసు. ఆవుకు సూదులు వేస్తున్నన్నాళ్లూ పాలు కేంద్రంలో పోయకూడదు. అందుకని పాలల్లో గడ్డలు పోతే చాలు, రెండో రోజే మా మామ గంగులప్ప సూదులు ఆపించేవాడు. మూడు ఈతలుగా ఇదే తంతు. పాలు పిండేది అత్త మునెమ్మ.

ఆ వారమే అత్తకు చలిజ్వరం, మూత్రంలో మంట. మదనపల్లె నుంచి వచ్చిన ల్యాబు రిపోర్టులో పద్నాలుగు మందుల పేర్లున్నాయి. ఒక్కటే పనిచేస్తుందట. పనిచేయని వాటిలో మా గుడ్ల అరలోని మందు కూడా ఉంది. క్రిమి ఆవు నుంచే వచ్చిందని చెప్పలేనన్నాడు డాక్టరు. కాదని కూడా అనలేదు.

“ఆవుకేసేది కొత్త మందు కదా, అదెట్ల పనిచేయదు?” అన్నాడు రమణ.

కుప్పంలో డిగ్రీ చదివినప్పటి పాఠం చెప్పాను. “ఆ క్రిమిలో ఒక ఎంజైము ఉంటాది. ముందు పాత పెన్సిలిన్‌నే తుంచేది. మందును పట్టి తుంచేదానికి ఆ ఎంజైములో ఒక గుంత ఉంటాది. కొత్త మందు పెద్దది, ఆ గుంతలో పట్టదు. కోట్ల క్రిముల్లో ఒకదానికి ఆ గుంత రవ్వంత వెడల్పుగా పుట్టింది. మందు సగంలో ఆపితే మిగిలేది అదే. దాని పిల్లల్లో ఇంకా బాగా తుంచేవి మిగుల్తాయి.”

“దానికి ఎవురు నేర్పిచ్చినారు?”

“ఎవురూ నేర్పలా. మిగతావాటిని మనం సంపినాం, అంతే.”

రమణ ఇక నవ్వలేదు.

మిగిలిన ఆ ఒక్క మందు రోజుకొక సూది, ఏడు రోజులు. పుంగనూరు నుంచి మూడు రోజులు అత్తను బస్సులో మదనపల్లెకు తీసుకెళ్లాను. “దీని తర్వాత నా దగ్గర మందు లేదమ్మా,” అన్నాడు డాక్టరు. మూడో రోజు జ్వరం దిగింది. అత్త జుట్టు ముడేసుకుని, పాల చెంబు కడుక్కుని కొట్టంలోకి వెళ్లింది.

ఆ రాత్రి అందరికీ సంగటి ముద్దలు వేశాను. మామ చెయ్యి కడుక్కుని పీట మీద కూర్చున్నాడు.

“రేపట్నించి మదనపల్లెకు పోయేది లేదు,” అన్నాడు.

“ఇంకా నాలుగుండాయి మామా. ఇప్పుడు ఆపితే...”

“ఒళ్లు సల్లబడింది కదమ్మా. బాగైన మనిషికి సూదులేంది? మూడు సాలు.”

అత్త అవునన్నట్టు తలూపి, ఇంకొంచెం పులుసు పోయమంది.