ముద్దపప్పు చేసిన శుక్రవారం

నేను ఒక ప్రెషర్ కుక్కర్‌ని. పది లీటర్లు పడతాను. కడుపులో ఆవిరి ఎక్కువైతే ఊరంతా వినేలా కూత పెట్టి తేలికపడే జాతి మాది. మనుషులకు ఆ సదుపాయం లేదు పాపం, అందుకే కోర్టులు కట్టుకున్నారు.

నేను పుట్టిన ఫ్యాక్టరీలో నన్ను నీళ్లలో ముంచి, గాలి కొట్టి, లోపమేమీ లేదని చీటీ అంటించారు. కోరుపల్లి బజారులో కర్రీ పాయింట్ నడిపే వాసంశెట్టి నూకరత్నం నన్ను కొని, బొట్టు పెట్టి పొయ్యెక్కించింది. మూడేళ్లు పప్పు తప్ప మరో ధ్యాస లేకుండా బతికాను.

అంతలో వంటల కాంట్రాక్టరు చక్రధరం గారి కుక్కర్ పోయింది. అదీ పది లీటర్లదే. నూకరత్నం పప్పు ముందు తన పప్పు ఎవరూ ముట్టడం లేదన్న మంట ఆయనకు ఎప్పటినుంచో ఉంది. అనుమానం ఆవిడ మీదే చెప్పాడు. పోలీసులు వచ్చి బిల్లు అడిగారు.

"కుక్కర్ కొన్నాక వండుకుంటామండి. బిల్లు దాచుకుని ఏం చేసుకుంటామండీ?" అంది నూకరత్నం.

దాంతో ఆవిడను అరెస్టు చేసి, నన్ను పట్టుకున్నారు. మధ్యవర్తిగా పిలిపించిన రిటైర్డ్ మాస్టారు నన్ను బోర్లించి, తిరగేసి, పెళ్లిచూపుల్లో కూడా ఎవరూ చూడనంత శ్రద్ధగా చూశారు. 'సొట్టలు, పగుళ్లు లేవు' అని పంచనామాలో పట్టుబట్టి రాయించారు. నేను పొంగిపోయాను.

స్టేషన్‌లో నాకు సీలు వేసి బీరువా మీద పెట్టారు. నాలుగు రోజులు బాగానే గడిచింది. ఐదో రోజు హెడ్ కానిస్టేబుల్ అబ్బులుకి ఆకలేసింది.

"కేసు సామాను కదండీ?" అన్నాడు పక్కనున్న కానిస్టేబుల్.

"వాడకపోతే తుప్పట్టిపోద్దయ్యా. సాక్ష్యాన్ని కాపాడాలా వద్దా?" అన్నాడు అబ్బులు.

అల్యూమినియానికి తుప్పేమిటని అడిగే దిక్కు లేదు. ఆ పూట నుంచి ప్రభుత్వానికి వండిపెట్టాను. ఒక శుక్రవారం ముద్దపప్పు దించుతూ అబ్బులు చెయ్యి కాలి నన్ను వదిలేశాడు. గచ్చు మీద పడి నా నడుముకు సొట్ట పడింది. వారం తర్వాత నన్ను గుర్తుపట్టడానికి వచ్చిన చక్రధరం ఆ సొట్టను తడిమి, "ఇదేనండి! మాదానికీ సరిగ్గా ఇక్కడే సొట్ట ఉండేదండి. పెళ్లివారింట్లో పడిందండి!" అన్నాడు. అది వాంగ్మూలం అయిపోయింది. నేనా, పొయ్యి మీద ఉంటే తప్ప నోరు విప్పలేనిదాన్ని.

నూకరత్నం బెయిలు మీద బయటికి వచ్చింది గాని, బజారులో ఆవిడ పేరు 'కుక్కర్ దొంగ' అయిపోయింది. కొట్టు మూతపడింది. శిక్ష పడితే జైలే.

ఆరు నెలలకు కేసు విచారణకు వచ్చింది. ప్రభుత్వం తరఫున వాదించే ఏపీపీ సువర్చల గారు ఈ కేసు ఛార్జిషీటును ఎప్పుడో ఒక కట్టలో చూసి, 'చూశాను' అని సంతకం పెట్టేశారు. మనుషుల భాషలో చూడటం వేరు, చదవడం వేరు. విచారణ రోజు పొద్దున మాత్రం ఆవిడ నా సీలు చినిగిపోయి ఉండటం గమనించి మూత తీశారు. గుప్పున వాసన కొట్టింది. అంచు కింద వేలు పెడితే స్టేషన్‌లో ముందురోజు వండిన మెత్తటి పప్పు అంటుకుంది.

ఆవిడ కుర్చీలో కూలబడి పంచనామా మొదటినుంచీ చదివారు. 'సొట్టలు లేవు' దగ్గర ఆగి, నా నడుము వంక చూశారు. నాకు సిగ్గేసింది. ఆవిడకు నాకన్నా ఎక్కువ సిగ్గేసినట్టుంది.

"పోనిద్దురూ, మేడమ్. మీరు మా తరఫు కదండీ," అన్నాడు నన్ను కోర్టుకు తెచ్చిన ఎస్సై.

"నేను పోలీసు వకీలుని కాదండీ, ప్రజల వకీలుని. నూకరత్నం ప్రజల్లో మనిషి కాదా?" అన్నారావిడ.

కోర్టులో అబ్బులు బోనెక్కాడు. తన సాక్షిని తానే నిలదీసే ప్రాసిక్యూటర్‌ను జడ్జిగారు కళ్లజోడు సవరించుకుని మరీ చూశారు.

"పట్టుకున్న రోజు ఈ కుక్కర్‌కి సొట్ట లేదు. మరి ఎప్పుడు పడింది?"

"శుక్రవారం అండి."

"ఏ శుక్రవారం?"

ప్రమాణం చేసి ఉన్నాడాయె. అబ్బులు తల దించుకున్నాడు. "ముద్దపప్పు చేసిన శుక్రవారం అండి."

కోర్టంతా గొల్లుమంది. జడ్జిగారు సుత్తి కోసం వెతికి, దొరక్క, నా మూత మీదే కొట్టారు. ఈ సాక్ష్యంతో నేరం నిలవదని సువర్చల గారే చెప్పేశారు. నూకరత్నం నిర్దోషి అయింది. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

అప్పీలు గడువు తీరేదాకా నన్ను వదలకూడదట. సామాన్ల గదిలో చోటు లేక సువర్చల గారి బల్ల మీద, ఫ్యాను గాలికి కాగితాలు ఎగరకుండా బరువుగా పెట్టారు. ఒకరోజు నా కిందికి పైఅధికారి నుంచి మెమో వచ్చింది. ముద్దాయికి శిక్ష ఎందుకు పడలేదో సంజాయిషీ ఇవ్వాలట. గడువు తీరి నూకరత్నం నన్ను తీసుకెళ్లడానికి వచ్చి గుమ్మంలో నిలబడి ఉండగా, సువర్చల గారు జవాబు రాసి పైకి చదువుకున్నారు:

"నేరం చేయనందున శిక్ష పడలేదు. ఈ సంగతి ఛార్జిషీటు వచ్చిన రోజే నేను కనిపెట్టాల్సింది. పంచనామా చదవకుండా సంతకం పెట్టాను. ఆ తప్పు నాది."

మనుషుల నోట అంత చిన్న నిజం, అంత తిన్నగా రావడం నేను వినడం అదే మొదటిసారి. ఆవిడంటే నాకు గౌరవం కలిగింది.

ఆవిడ లేచి నన్ను రెండు చేతులతో అందించారు. "సొట్ట తీయించుకోమ్మా."

"ఉండనివ్వండి, అమ్మగారూ. నా తరఫున సాక్ష్యం చెప్పింది అదొక్కటేనండి."

మర్నాడు కొట్టు తెరిచింది. బజారంతా చూస్తుండగా పొయ్యెక్కాను. ఇన్నాళ్లుగా చెప్పాలనుకున్నదంతా మూడు కూతల్లో చెప్పేశాను.