ఎర్ర మూత హమ్మస్

"ఇందులో నువ్వులుంటే ఎలాగే కీర్తీ? పోయినసారి కూడా ఇదే తిన్నావా?"

మా అమ్మాయి బ్రెడ్డు ముక్క తుంచి, ఎర్ర మూత డబ్బాలో ముంచి, అంచున అంటుకున్నది కూడా గీకి నోట్లో పెట్టుకుంది. కిటికీ ఊచల్లోంచి కొండవైపు చూస్తూ నమిలింది. వినపడలేదేమోనని మళ్ళీ అడగబోయాను. లేచి వెళ్ళి గది తలుపు వేసుకుంది.

నేను పీటర్‌మారిట్జ్‌బర్గ్ వచ్చింది దాన్ని కనిపెట్టుకుని ఉండడానికే. ఇప్పుడు దానికి నాలుగో నెల. పోయినేడు నాలుగో నెలలోనే కడుపు పోయింది. అప్పుడు నేను భీమడోలులో, అది ఇక్కడ. ఫోనులో దాని ఏడుపు కూడా సగం సగమే వినిపించింది. అందుకే ఈసారి మా తోడికోడలు ఎన్ని మాటలన్నా వినకుండా విమానం ఎక్కాను. అల్లుడు రాఘవ్ గవర్నమెంటులో ఇంజినీరు. నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ అందరూ కలిసి ఓట్లు వేసుకుని కొత్త ప్రభుత్వం వచ్చాక కూడా, ఈ రాష్ట్రానికి రాజధాని ఈ ఊరా, ఉలుండీయా అన్నది తేల్లేదట. ఫైళ్ళతో పాటు అతన్నీ అటూ ఇటూ తిప్పుతున్నారు. వారంలో ఎక్కువ రోజులు ఉలుండీలోనే. నార్త్‌డేల్ పేటలో ఈ ఇంట్లో మిగిలేది నేనూ, కీర్తీ, తలుపుకున్న తాళాలూ.

దానికి వేవిళ్ళు తగ్గలేదు. తిరగమోత వేస్తే వాంతి, అన్నం ఉడికే వాసనకి వాంతి. క్లినిక్కులో డాక్టరమ్మ రక్తం తక్కువుందంది, ప్రోటీను తినాలంది. నేను ముద్దపప్పు చేస్తే ముక్కు మూసుకుని వెళ్ళిపోతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన ఈ చల్లటి ముద్ద ఒక్కటే కడుపులో నిలుస్తోంది. దీన్ని హమ్మస్ అంటారు. ఊళ్ళో పెద్ద షాపులో నిమ్మకాయదీ, ఆలివ్‌దీ, కాల్చిన ఎర్ర కాప్సికం కలిపినదీ పక్కపక్కనే పెడతారు. కీర్తి తినేది కాప్సికంది, ఎర్ర మూతది.

శనగలతో చేస్తారని తెలిసి మొదట ఊపిరి పీల్చుకున్నాను. శనగలు బలమే. కానీ గ్యాస్ పట్టేస్తుందేమో. వెల్లుల్లి వేడి చేస్తుందేమో. ఎప్పుడు రుబ్బి పెట్టారో ఏమో. వీటన్నిటికీ మించి ఆ మూత తీసినప్పుడు వచ్చే వాసన నాకు తెలిసిన వాసనే. నువ్వులు వేయించి నూరితే వస్తుంది. మా వైపు కడుపుతో ఉన్న పిల్లకి నువ్వులు పెట్టం. వేడి చేసి కడుపు జారిపోతుందంటారు. నేను కీర్తిని మోసినప్పుడు మా అత్తగారు నువ్వుల డబ్బాని అటకెక్కించేసింది.

నేను చదివింది ఎనిమిదో తరగతి. ఇంగ్లీషు కూడబలుక్కుంటాను. డబ్బా మీద ప్రోటీన్ అన్న మాట టానిక్కు సీసాల పుణ్యమా అని తెలిసింది. కొవ్వు, ఉప్పు కూడా దొరికాయి. దేంతో చేశారో రాసిన చోట, శనగల తరవాతి మాట దగ్గర ఆగిపోయాను. టహీని. డబ్బా కొంగులో పెట్టుకుని పక్కింటి సరస్వతి దగ్గరికి వెళ్ళాను. వాళ్ళ తాతలు చెరకు తోటల పనికి ఓడెక్కి వచ్చిన మనవాళ్ళే. ఆవిడకి తిండి మాటలూ, తిట్లూ, వచ్చీరాని నాలుగు ముక్కలూ తెలుగులో మిగిలాయి.

"టహీని అంటే జింజెలీ మా," అంది. "దీపంలో నూనె పోస్తాం, ఆ గింజ. దాని పేస్టు."

"నువ్వులేనా?"

"అదే అదే. మా అవ్వ అట్లనే అనేది. ఎందుకు అట్ల చూస్తావు అక్కా? పాప బువ్వ తింటాదా?"

"ఇది తప్ప ఏమీ తినడం లేదు."

"అయితే లీవ్ ఇట్ మా. తిననీ."

ఎలా వదిలేస్తాను? ఫ్రిజ్‌లో ఉన్న రెండు కొత్త డబ్బాలూ తెచ్చి ఆవిడకే ఇచ్చేశాను. తెల్ల శనగలు నానబోసి, మెత్తగా ఉడకబెట్టి, ఒక్కొక్కదానికీ పొట్టు తీశాను. కాప్సికం కాల్చి తోలు వలిచాను. నువ్వులకి బదులు గట్టి పెరుగు వేసి, నిమ్మకాయ పిండి రుబ్బాను. రంగు అచ్చం అలాగే వచ్చింది. పాత డబ్బా కడిగి, అందులో పెట్టి, ఎర్ర మూత బిగించాను.

కీర్తికి మొదటి ముద్దలోనే తెలిసిపోయింది. బ్రెడ్డు పళ్ళెంలో పెట్టేసింది. నా మొహం వంక కాసేపు చూసి, మూత పెట్టి డబ్బా నా ముందుకి జరిపింది.

అంతే, అక్కణ్ణించి మాటల్లేవు. పాలు తాగవే అంటే తల అడ్డంగా తిప్పుతుంది. తల దువ్వనా అంటే దువ్వెన తీసుకుని గదిలోకి పోతుంది. రాఘవ్ ఫోన్ చేసి "తినిందా అత్తయ్యా?" అంటే, ఉలుండీలో ఉన్నవాణ్ణి హడలగొట్టడం ఎందుకని "ఆ, ఏదో కాస్త" అన్నాను. బయట టాక్సీల హారన్లు. రేడియో పెడితే జులూ భాష. నేను కెటిల్‌తో మాట్లాడ్డం మొదలుపెట్టాను. తింటే ఏమవుతుందో అని ఒక భయం, తినకపోతే ఏమవుతుందో అని ఇంకో భయం. రెండిటి మధ్యా కూర్చుని దాని గది తలుపు చూసేదాన్ని.

మూడో రోజు క్లినిక్కులో తూకం వేస్తే బరువు తగ్గింది. డాక్టరమ్మ ఏం తింటున్నావని అడిగింది. అప్పుడు విన్నాను మా అమ్మాయి గొంతు, ఇంగ్లీషులో. హమ్మస్ తినేదాన్ని, ఇప్పుడు లేదు అంది. ఎందుకు లేదో చెప్పలేదు. డాక్టరమ్మ మధ్యమధ్య నావైపు చూస్తూ చాలాసేపు మాట్లాడింది. కీర్తి నాకేమీ విడమరిచి చెప్పలేదు. నేనే ఏరుకున్నాను. శనగల్లోనూ ఐరన్ ఉందట, నువ్వుల్లోనూ ఉందట. మంచిదట. ఇలా రుచులు కలిపిన డబ్బాల్లో ఉప్పు మాత్రం చూసుకోవాలట.

"నువ్వులు? పరవాలేదా?" అని నేనే, నాకొచ్చిన ఇంగ్లీషులో, నూనె గింజ అని వేళ్ళతో చూపించి అడిగాను. ఆవిడ నవ్వి తలూపింది. కీర్తి గోడ మీది బొమ్మ చూస్తూ కూర్చుంది.

ఇంటికి రాగానే సరస్వతి గేటు దగ్గరికి పరిగెత్తాను.

"ఒకటి అయిపోయె," అంది ఆవిడ. "మా ముసలాడు టోస్ట్ మీద పూసి తినేసె. ఎక్కడ దొరుకుతాది అడగమన్నాడు. ఇంకోటి ఉండాది, దాచిపెట్టినా."

"ఎందుకు దాచావు?"

"నువ్వు వస్తావు కదా, అందుకు. పో, పెట్టుపో."

డబ్బా తెచ్చి కీర్తి ముందు పెట్టి, మూత తీశాను. బ్రెడ్డు చిన్న ముక్కలు చేసి పళ్ళెంలో వేశాను. మంచినీళ్ళ గ్లాసు పక్కన పెట్టాను.

"నువ్వులున్నాయి ఇందులో," అన్నాను. "డాక్టరమ్మ మంచిదందిగా. ఉప్పు ఎక్కువట, నీళ్ళు తాగు. నాకు భయం పోలేదే తల్లీ. నేనంటే నమ్మకం లేకపోతే ఆవిడ మాట మీద తిను."

ఎదురుగా కూర్చున్నాను. దాని నోటివంక చూడకూడదని నా చేతులు చూసుకున్నాను. శనగల పొట్టు తీసిన గోళ్ళు ఇంకా మంట పుడుతున్నాయి. కొండ మీంచి మంచు దిగి ఎదుటి ఇళ్ళ కప్పులు కనపడకుండా పోయాయి. బ్రెడ్డు తుంచిన చప్పుడయింది. ఒక ముక్క. కొంచెం ఆగి ఇంకో ముక్క. నీళ్ళు తాగింది.

"లేదమ్మా," అంది.

ఏది లేదో నాకు అర్థం కాలేదు. తలెత్తాను.

"పోయినసారి ఇది తినలేదు. నువ్వులు ముట్టలేదు. బొప్పాయి ముట్టలేదు. నువ్వు ఫోన్లో వద్దన్నవన్నీ మానేశాను."