నిద్ర గడి

"అక్కడ నువ్వు చేసేదేముంది, బటన్ నొక్కడమేగా" అన్నాడు మా ఆయన, నేను కడిగి సర్దిన టిఫిన్ డబ్బాను సంచిలో వేసుకుంటూ. దాని మూత కూడా నేనే పెట్టాను. డబ్బాకి మూత పెట్టడం ఆయనకు ముప్పై తొమ్మిదేళ్ళొచ్చినా చేతకాలేదు.

నేను మెదడు స్కాన్లు తీస్తాను. మనిషిని గొట్టంలాంటి మెషిన్‌లో పడుకోబెట్టి, పది నిమిషాలు కళ్ళు తెరుచుకుని ఊరికే ఉండమంటాను. మెదడులో ఏ భాగానికి ఏ భాగంతో ఎంత పొత్తుందో అందులో తెలుస్తుంది. ఆ స్కాన్లన్నీ మా డాక్టరుగారు ఏఐకి అప్పగించారు. మొహం చూడకుండానే అది ఆడా మగా చెప్పేస్తోందట. "ఆడవాళ్ళ మెదడులో లింకులే వదులమ్మా, శ్రద్ధ నిలవదు. నేను కాదు, ఏఐ అంటోంది" అని మురిసిపోతారు. తన మనసులో మాట మెషిన్‌కి నేర్పించి, దాని నోట విని ఆశ్చర్యపోయే మనిషిని ఈయన్నే చూశాను.

ఈ ముక్క ఇంట్లో చెప్పడం నా బుద్ధితక్కువ. "నేనెప్పట్నుంచో అంటున్నదేగా, దానికి మెషిన్ కావాలా" అంది మా అత్తగారు. తనదీ ఆడబుర్రేనని ఆవిడకు తట్టలేదు. మా ఆయనైతే స్నేహితులకు ఫోన్లు చేసి మరీ నవ్వాడు.

గొట్టంలో ఏం జరుగుతుందో కెమెరాలో చూసేది నేను. మగవాళ్ళు పైకి చూస్తూ విసుక్కుంటారు. ఆడవాళ్ళు చాలామంది రెండో నిమిషానికే నిద్రపోతారు. చీకటితో లేచి, ఇల్లు చక్కబెట్టి, పరుగున వచ్చిన మనిషిని "మీరేం చెయ్యక్కర్లేదు, పడుకోండి" అంటే ఇంకేం చేస్తుంది? ఆ మెషిన్ మోతలో గురక పెట్టినవాళ్ళూ ఉన్నారు. నిద్రపోతే మెదడులో లింకులు మారతాయి. అందుకే ప్రతి స్కాన్ నంబరు పక్కన 'నిద్ర' అని ఒక గడి గీసి, ఎవరు నిద్రపోయారో రాసుకొచ్చాను. "అనవసరపు గోల" అని డాక్టరుగారు ఆ గడి తీయించేశారు. ఆ మహా తెలివైన ఏఐ, నిద్రపోయిన మెదడల్లా ఆడదని తేల్చింది. పెంచినవాళ్ళ పోలిక ఎక్కడికి పోతుంది?

ఈరోజు ఈ సంగతి మీద రాసిన వ్యాసం వైద్య పత్రికకు వెళ్ళాలి. వివరాలన్నీ సరిగ్గా ఉన్నాయని స్కాన్లు తీసిన మనిషిగా నేను సంతకం పెడితేనే వెళ్తుంది. డాక్టరుగారు మొదటి పేజీలో బొమ్మ చూపించి, "అచ్చమైన ఆడ మెదడంటే ఇదమ్మా" అన్నారు.

కింద నంబరు చూశాను. స్కాన్‌కి రావలసిన ఒకావిడ రాకపోతే "నువ్వే పడుకో" అని డాక్టరుగారు నన్ను గొట్టంలోకి పంపిన రోజుది. అంతకు ముందు మూడు రాత్రులు అత్తగారి జ్వరానికి నేను మేలుకుని కూర్చుంటే, మా ఆయన "రేపు ఆఫీసుంది" అని తలుపేసుకున్నాడు. ఆ గొట్టంలో కళ్ళు మూసుకోవడం గుర్తుంది, తెరవడం గుర్తులేదు.

"ఇది నా బుర్ర సార్. పడుకుని ఉంది" అన్నాను. "ఆ గడి మళ్ళీ పెట్టించండి, సంతకం పెడతాను."

ఆయన నవ్వు ఆగిపోయింది. "నీ కాంట్రాక్టు నా సంతకం మీద నడుస్తోంది, గుర్తుందా?"

"ఉంది సార్." కలానికి మూత పెట్టేశాను.

"ఇదంతా మొదట్నుంచీ మళ్ళీ చెయ్యాలంటే ఎంత పనో తెలుసా నీకు?"

"ఏముంది సార్, బటన్ నొక్కడమేగా" అన్నాను.