ఓకో మెడలో ఆకుపచ్చ టై

మా బావమరిది ఓకో అరవై దాటాక పెళ్ళిచూపులకు బయలుదేరాడు. కోబ్లెంజ్‌లో హెడ్విగ్ అని, భర్త పోయిన ఆవిడ. చలికాలమంతా ఆవిడతో ఫోనులో ఎంత మాట్లాడాడంటే, మా సముద్రం గట్టు మీద మేసే గొర్రెలు కూడా ఆవిడ గొంతు గుర్తుపట్టేవి. ఆవిడ వీడికొక ఆకుపచ్చ టై పార్శిల్లో పంపింది.

"గురువారం ఇది కట్టుకునే రండి. దీన్ని బట్టే మిమ్మల్ని పోల్చుకుంటాను. పగలంతా నాకు తీరికుండదు, సాయంత్రం బండికి దిగండి" అంది.

ఓకో ఆ టైని పరుపు కింద పెట్టి, దాని మీదే పడుకుని ఇస్త్రీ చేసుకున్నాడు. వాడి అక్క, అంటే నా భార్య గేషె, నన్ను తోడు పంపింది.

"ఆ టై మీద సూపు మరక కూడా పడకూడదు, ఆ పూచీ నీదే. పగలు దారిలో కొలోన్‌లో దిగి పెద్ద చర్చి చూడండి. వీడి జన్మలో మళ్ళీ చూస్తాడా!"

కొలోన్ స్టేషన్లో దిగితే ఏముంది, ఎలుగుబంట్లు, సముద్రపు దొంగలు, గడ్డాలున్న పెళ్ళికూతుళ్ళు. టికెట్లమ్మే ఆవిడ ముక్కుకు ఎర్ర బంతి.

"బావా, వీళ్ళు రోజూ ఇలాగే పనికెళ్తారా?"

"పట్నంరా. నోరు మూసుకుని నడు."

సామాను పెట్టుకునే అరలన్నీ నిండిపోయాయి. పెట్టెలు మోసుకుంటూ చర్చికి వెళితే, పెట్టెలతో లోపలికి రానివ్వం పొమ్మన్నారు. సరేలెమ్మని బయట నిలబడే చూశాం. ఆ గోపురం ఎంత ఎత్తంటే, పొద్దున పైన కొట్టిన గంట కిందికి దిగేసరికి సాయంత్రమవుతుంది. దాని కొన కనబడాలని ఓకో తల వెనక్కి వాల్చి, మెడ సాచి, నోరు తెరిచాడు.

తేనెటీగ వేషం వేసుకున్న ఒక ఆడమనిషి వచ్చి, కత్తెరతో వాడి మెడలో టైని కసుక్కున కోసింది. ఓకో బుగ్గ మీద ఒక ముద్దు పెట్టి, ఆ ముక్క ఊపుకుంటూ పారిపోయింది.

"పట్టుకోండి! దొంగ!" అని నేను వెంటపడ్డాను. ఇంకో నాలుగు తేనెటీగలు నన్ను చుట్టుముట్టాయి.

"అయ్యో, ఈ తాతకి టై లేదే!"

"బూటుకి లేసుందిగా!"

అదీ కోసేశారు. నాకు ముద్దు కూడా పెట్టలేదు.

వీధి చివర కనబడిన పోలీసమ్మాయితో మొరపెట్టుకున్నాను.

"ఇవాళ ఆడవాళ్ళ పండగ, తాతా. టై కనబడితే కోస్తారు. తెలిసి తెలిసి ఎవరైనా టై కట్టుకుని ఈ ఊళ్ళో దిగుతారా?" అంది. ఆమె నడుముకీ ఒక కత్తెర వేలాడుతోంది.

మా ఊళ్ళో ఈ పండగ పేరెత్తిన పాపాన పోయినవాడు లేడు. ఇంకో టై కొందామంటే కొట్లన్నీ మూతే. తెగిన లేసుతో బూటు టపటపలాడించుకుంటూ నగరమంతా తిరిగాను. నేను చూసింది మూసిన తలుపులు. ఓకో చూసింది తన మెడ.

చివరికి ఒక సారాయంగడిలో దూరాం. వేలెడేసి గ్లాసుల్లో బీరు. ఒకటి ఖాళీ చేస్తే అంగడివాడు అడక్కుండానే ఇంకోటి పెడతాడు. మా వైపు టీ చాలనుకుంటే కప్పులో చెంచా వేస్తాం, ఇక పొయ్యరు. ఓకో తూలుతూ అడిగాడు:

"అయ్యా, ఒక చెంచా ఇస్తారా?"

"బీరుకి చెంచా ఏమిటయ్యా! చాలనుకుంటే గ్లాసు మీద అట్టముక్క మూత పెట్టు!"

ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా!

బండిలో ఓకో ఏడుపు మొహం పెట్టాడు. "ఆవిడ నన్ను పోల్చుకోదు బావా. పోల్చుకున్నా, ఇచ్చిన టైనే కాపాడుకోలేనివాడికి తననేం అప్పజెబుతుంది?"

"రైలు తలుపులో ఇరుక్కుని తెగిందని చెప్పు. ముందా బుగ్గ తుడుచుకో."

నా రుమాలు ఎర్రబడింది గానీ బుగ్గ మాత్రం తెల్లబడలేదు.

కోబ్లెంజ్‌లో దిగాం. ప్లాట్‌ఫారం మీద మంత్రగత్తె టోపీలో ఒకావిడ. మెడ నిండా తెగిన టైల దండ, చేతిలో కత్తెర. హెడ్విగ్‌కి పగలంతా తీరిక ఎందుకు లేదో అప్పుడర్థమైంది. ఓకో మెడలోని ఆకుపచ్చ మోడు చూసి ఆగిపోయింది.

"ఎవతండీ అది?"

"రైలు తలుపులో ఇరుక్కుని..."

"మీ రైలు తలుపు లిప్‌స్టిక్ కూడా వేసుకుంటుందా?"

ఓకో తల దించాడు.

"నా చేత్తో కొయ్యాలనే కదండీ ఆ టై కొన్నాను! అందుకే కదా ఏరికోరి గురువారం రమ్మన్నాను! ఎవత్తో కొయ్యడానికా?"

ఓకో గడ్డం పైకెత్తి, చర్చి గోపురం చూసినట్టే మెడ సాచాడు.

"ముడి దగ్గర ఇంకా కాస్త మిగిలిందండీ" అన్నాడు.

హెడ్విగ్ పెదవి బిగించి నవ్వాపుకోబోయింది, కుదరలేదు. మిగిలింది కోసేసి, ఎర్రగా లేని బుగ్గ చూసి ముద్దు పెట్టింది. తర్వాత నా వైపు తిరిగి, నా రెండో బూటు కేసి చూసింది.

వాళ్ళిద్దరూ చేతులు పట్టుకుని ముందు నడుస్తుంటే, రెండు పెట్టెలూ మోస్తూ రెండు బూట్లూ ఈడ్చుకుంటూ నేను వెనకాల. అంతలో గేషె ఫోను.

"చర్చి ఎలా ఉంది?"

"ఎత్తుగా ఉంది."

"మరి టై?"

"దాని మీద ఒక్క సూపు మరక కూడా పడలేదే" అన్నాను.