మగ్గం గుంతలో కాఫీ గింజ

నూతి పక్క జానెడు మడి మీద కప్పిన రాగిగడ్డిని చౌడప్ప ఒక్కొక్క పోచగా తీశాడు. ఇరవై రోజులుగా పొద్దున్నే ఆయన పని ఇదే. గడ్డి తీయడం, మట్టిని మునివేళ్లతో తాకడం, తడి చాలకపోతే నీళ్లు చిలకరించి మళ్లీ కప్పడం. ఈ రోజు మట్టి జిగటగా వేళ్లకంటుకుంది. వాసన చూస్తే పులిసిన గంజి. మడి నిండా చీమలు.

ఆయన కంగారుపడలేదు. నలభై ఏళ్లు మైసూరు కొండల్లో కాఫీ నారు పెంచిన మనిషి చీమలకు బెదిరితే ఇక బతికినట్టే.

ధాతు నామ సంవత్సరపు కరువులో గుడియాత్తం నేతవీధి వదిలి, తోటకూలీల మేస్త్రీ వెంట కొండెక్కేనాటికి ఆయనకు పదిహేనేళ్లు. మగ్గం నేర్వవలసిన వేళ్లు గింజలు నాటడం నేర్చాయి. చదును కిందికి, గూను పైకి, అర వేలెడు లోతు. పెళ్లి చేసుకోలేదు, సెంటు నేల సంపాదించలేదు. ఆయన నారు కొండలకు కొండలు కమ్మింది గాని అందులో ఒక్క మొక్కా ఆయనది కాదు. ఈ మధ్య చేతులు వణకడం మొదలవగానే తోట దొర ఇక చాల్లెమ్మని కిందికి పంపేశాడు. దిగేటప్పుడు ఏడు గింజలు బూడిదలో దొర్లించి పంచె కొంగున కట్టుకున్నాడు. పుట్టిన ఊళ్లో తన చేత్తో ఒక్క కాఫీ మొక్క లేవాలి. అదొక్కటే ఆయన కోరిక, అది మాత్రం గట్టి కోరిక.

వీధి వీధంతా నవ్వింది. రాళ్లు ఉడికే ఈ ఎండలో కాఫీ మొక్కట! ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నారు. గింజలప్ప అని పేరు కూడా పెట్టారు. ఆయన ఆ పేరుకు చక్కగా పలికేవాడు.

అన్నకూతురు రాజాంబాళ్ గంజిముంతతో పెరట్లోకి వచ్చింది. ఆయన ఉంటున్నది ఆమె ఇంట్లోనే.

"ఏమ్మా, మడికి గంజి పోస్తా ఉండావా?"

"అవును చిన్నాయనా. పడుగుకు పెట్టంగా మిగిలింది. నూలుకే అంత బలమిస్తాదే, గింజకియ్యదా?"

"ఎప్పటినుంచి?"

"నాలుగు దినాలుగా."

నేతింటి ఆడకూతురికి బలమంటే గంజే మరి. ప్రేమతో చేసిన తప్పుకు తిట్టడం చౌడప్పకు చేతకాదు. మడి తవ్వి గింజలు ఒక్కొక్కటే నొక్కి చూశాడు. ఆరు మెత్తగా చితికిపోయాయి. గంజి అందని మూల ఒక్కటి మిగిలింది. రాజాంబాళ్ కళ్లనీళ్లు పెట్టుకుంది.

"ఏడవొద్దమ్మా. ఇది గట్టిగా ఉండాది. ఇంగెవురూ పండించకూడదని అరబ్బోళ్లు గింజల్ని వేయించి అమ్ముతా ఉంటే, ఒక ఫకీరు ఏడు పచ్చిగింజలు నడుముకు కట్టుకోని మా కొండకు తెచ్చినాడంట. ఏడింటికే అన్ని కొండలు నిండినాయి. మన ఇంటికి ఒకటి చాలదా?"

ఆ ఒక్కటీ నాటడం ఎక్కడ? నీడ కావాలి, ఆరని తడి కావాలి. చౌడప్ప అరచేత్తో నేల తాకుతూ ఇల్లంతా తిరిగాడు. లోపల రాజాంబాళ్ మొగుడు వరదప్ప నేస్తున్నాడు, కాళ్లు మగ్గం గుంతలో తొక్కుడుకర్రల మీద. పోగు తెగకుండా ఆ గుంతను రోజూ తడిపి ఉంచుతారు. కిటికీలోంచి కాస్త వెలుతురు కూడా పడుతోంది. చౌడప్ప వంగి గుంత గోడకు చెయ్యి ఆనించాడు. అచ్చం కొండ మీది నారుమడి చల్లదనం.

"అప్పా, నీ కాళ్లకాడ ఒక కొబ్బరిచిప్ప పెట్టుకుంటా."

వరదప్ప చేతిలో పోగు నడిపే నాడె ఆగింది. మగ్గం గుంతంటే పండగనాడు పసుపు పూసి మొక్కే చోటు. అందులో మట్టీ, చిప్పా. అతను తన కాళ్లకేసి చూసుకున్నాడు.

"తన్నేస్తే?"

"తన్నవులే నాయనా. ఇరవై ఏండ్లు లెక్కతప్పకండా తొక్కిన కాళ్లు."

"శరి మామా. పెట్టుకో."

చౌడప్ప చెయ్యి వణికింది. రాజాంబాళ్ పట్టుకోబోతే వద్దని, వణుకు ఆగేదాకా ఊరుకున్నాడు. చదును కిందికి, గూను పైకి. నాటాక కడుపునిండా సంకటి తిని మగ్గం గదిలోనే గోడకు ఆనుకున్నాడు. మగ్గం చప్పుడు వింటూ కళ్లు మూసుకున్నాడు.

"మామా, ఈ తడి చాలునా?" పొద్దువాలాక వరదప్ప గుంతలోంచి అడిగాడు. జవాబు రాలేదు. రెండోసారి అడిగి, లేచి వెళ్లి భుజం తట్టాడు. చౌడప్ప పోయి ఎంతసేపయిందో, మగ్గం చప్పుడులో ఎవరికీ తెలియలేదు.

పదకొండు రోజులు మగ్గం ఆగింది, చిప్పకు నీళ్లు ఆగలేదు. రాజాంబాళ్ మునివేళ్లతో చిలకరించేది, ఉత్త నీళ్లే. మళ్లీ గుంతలో కాళ్లు పెట్టాక వరదప్ప చిప్పకు తగలకుండా ఎడమకాలు ఒద్దికగా వాల్చి తొక్కడం నేర్చాడు. నెలకు గింజ లేచింది, గింజనే నెత్తిన మోసుకుంటూ. వరదప్ప వీధిలోకి పోయి, నవ్వినవాళ్లనందరినీ పేరుపేరునా పిలుచుకొచ్చాడు. ఒక్కొక్కరే గుంతలోకి వంగి చూశారు.

"చౌడప్ప చేతిదే," అన్నాడు వాళ్లలో ముసలాయన. గింజలప్ప అని ఎవరూ అనలేదు.

ఇంకొన్నాళ్లకు మొక్క రెండాకులూ విప్పింది. నెత్తిమీది పెంకు ఊడి, గుంత అడుగున, తడిమట్టిలో వరదప్ప పాదం పక్కన బోర్లాపడి ఉంది.